ఎడమది

పిచ్చాటూరు డ్యాము నడిమధ్యలో
ఎడమది ఆగిపోయింది.
కుడిది ఒక్కటే తోస్తుంటే
పడవ గానుగెద్దులా తిరగడం మొదలుపెట్టింది.
ఎనిమిది మంది నర్సింగు పిల్లలు
మొదటి చుట్టుకు నవ్వారు,
రెండో చుట్టుకు ఫోన్లు తీశారు,
మూడో చుట్టుకు ఎవరూ మాట్లాడలేదు.

జెట్టు పడవ. పంకా బయటికి కనపడదు.
అడుగు నుంచి నీళ్లు లాక్కుని వెనక్కి ఉమ్మేస్తుంది.
రెండు ఇంజన్లూ టూ స్ట్రోకువే,
ఒకే పెట్టెలో, ఒకే లారీలో వచ్చిన కవలలు.
నాచు చుట్టుకుందేమో అనుకుని
నడుములోతు నీళ్లలో దిగి, జల్లెడలోకి వేళ్లు పోనిచ్చి వెతికాను.
ఒక గాజు ముక్క దొరికింది. అంతే.

పుత్తూరు నుంచి తంగవేలు మేస్త్రి వచ్చాడు.
ఎముకలు కట్టే ఊరు గదా,
ఆయన కూడా ముందు చేత్తోనే చూస్తాడు.
తిరపతిలో నలభై ఏళ్లు ఎజ్డీలు, లూనాలు విప్పిన అరచెయ్యి
సిలిండరు నెత్తిన ఆనించి కళ్లు మూసుకున్నాడు.
"చల్లంగా ఉంటే పాడతాది. పది నిమిషాలకు గొంతు పూడిపోతాది.
వేడెక్కితే సచ్చేది ఏందబ్బా?"
అడిగింది నన్ను కాదు.

ప్లగ్గులు విప్పి నా చేతిలో పోశాడు.
కుడివి బెల్లప్పాకం రంగు.
ఎడమవి సున్నం.
వాటిని చూసి, నన్ను చూశాడు.
"ఆయిలు సరింగా కలపతా ఉండావా నాయనా?"

కలుపుతున్నాను. లీటరుకు ఇరవై మిల్లీలు,
మా అమ్మ దగ్గుమందు మూతతో కొలిచి.
చెప్పాను. మళ్లీ చెప్పాను.
రెండోసారికి నా మాట నాకే అబద్ధంలా వినపడింది.
ట్యాంకు ఒకటే కదా,
ఆయిలు తగ్గితే రెండూ తెల్లబడాలి కదా.
ఈ ముక్క నాకు తట్టింది
అర్ధరాత్రి, దోమతెర లోపల.

"కవలలుంటే వైద్యం సులువు," అన్నాడు తెల్లారి.
కుడిదాని కాయిలు ఎడమకు, ఎడమది కుడికి.
రోగం కదల్లేదు.
కార్బొరేటర్లు మార్చాడు. కదల్లేదు.
పెట్రోలు పంపులు అటిటు చేశాడు.
ఖాళీ చెయ్యనని మొండికేసిన అద్దెమనిషిలా
అది ఎడమలోనే కూచుంది.
గేజి పెడితే నూట పాతిక. కుడికీ అంతే.
"బయట ల్యా. లోపలెక్కడో గాలి తాగతా ఉండాది."

మూడో రోజు పాత లారీ ట్యూబు కత్తిరించి
ఇంజను నోళ్లన్నీ మూసి,
ఒక్క సందులో సైకిలు పంపు తగిలించాడు.
టికెట్లు చింపే చెంగమ్మ
మగ్గులో బట్టలసబ్బు గిలకొట్టి తెచ్చింది.
గడ్డం కుంచెతో నురగ పూస్తూ పోయాడాయన,
అతుకు అతుకుకీ, పెండ్లికొడుక్కి నలుగు పెట్టినట్టు.

ముందు ఏమీ లేదు.
తరవాత చెంగమ్మ, "అడ్నే, అడ్నే చూడన్నా."

ఇరుసు బయటికొచ్చే చోట
చీమ తలంత బుడగ.
పగిలింది. ఇంకోటి పుట్టింది.
రూపాయి బిళ్లంత రబ్బరు సీలు,
పెదవి ఎండిపోయి
వేడెక్కినప్పుడల్లా కాస్త నోరు తెరుస్తోంది.
ఆ గుటకెడు గాలికే పెట్రోలు పలచనై
పిస్టను కాలుతోంది లోపల.

మేస్త్రి నన్ను ఏమీ అనలేదు.
పంపు పిడి నా చేతిలో పెట్టి
తన టీలో సగం నా గ్లాసులోకి వంచాడు.

సీలు నూటముప్పై. రేణిగుంట రోడ్డు అంగట్లో దొరికింది.
వేసి, బిగించి, చేతులు తుడుచుకుంటూ
కుడిదాని వైపు తిరిగాడు.
"అదీ ఆ వయసుదే గదబ్బా."

మూడు రోజులుగా దాన్నే సాక్షిగా నిలబెట్టాం.
దాని ప్లగ్గు రంగే రంగు, దాని అంకే అంకె.
నువ్వెలా ఉన్నావని
దాన్ని ఎవరం అడగలేదు.

చెంగమ్మ మళ్లీ మగ్గు గిలకొట్టింది.
నేను పంపు కొడుతున్నాను, మెల్లగా.
నురగ కదలడం లేదు.
ఎండకు పొర పొరా ఆరుతోంది.
అవతల ఒక నీటికాకి మునిగింది,
ఇంకా లేవలేదు.
"కొడతానే ఉండు," అన్నాడు మేస్త్రి.