ఆటు వేళ

రాత్రి ఒకటీ పది.
కింద రేవులో నీళ్లింకా పోటు మీదున్నాయి.
ఆరూ ఇరవైకి ఆటు. అంటే ఐదింటికల్లా
నూట ముప్పై ఏడుగురు ఆడవాళ్లు
రబ్బరు బూట్లలోకి కాళ్లు దూరుస్తూ
ఫోన్లో నా వెబ్‌సైట్ తెరుస్తారు:
ఏ ఇసుకదిబ్బ తెరిచారు, ఏది మూశారు,
మనిషికి ఎన్ని కిలోల గుల్లలు తవ్వుకోవచ్చు.

నాది అన్నాను గానీ, వాళ్లది.
తొమ్మిదేళ్లనాటి కోడు,
గలీసియా వానల్లో తుప్పుపట్టిన గొళ్లెం మీద
ఎలాగో ఆగిన తలుపు.

ల్యాప్‌టాప్‌లో దానికో కవల ఉంది.
మూడు వారాలుగా వంటింటి బల్ల మీద
దాన్నే కోస్తున్నాను, కుడుతున్నాను.
ఓ రాత్రి మెనూ మొత్తం మాయమైతే
కాఫీ కలుపుకుని నవ్వుకున్నాను.
అసలుదాని ముందు అలా నవ్వలేం.

చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం కాదు నేను.
ఒకసారి కాలాయి కనక.
ఆ నవంబరులో, పట్టపగలు,
ఒక్క ఫైలే కదా అని నేరుగా మార్చాను.
తెల్లటి తెర.
మూసిన దిబ్బ మీదకి పద్నాలుగు మంది వెళ్లారు.
జరిమానా కాగితం నా చేతిలో పెట్టి
ఎర్మిందా ఏమీ అనలేదు.

అందుకే బ్యాకప్ రెండు చోట్ల.
తీసి ఊరుకోలేదు, పాత కంప్యూటర్లో విప్పి
బతుకుతుందో లేదో చూశాను.
పాస్‌వర్డుల ఫైలు మాత్రం ముట్టను;
ఇక్కడి చెవి అక్కడి తాళానికి పట్టదు.

రెండింటికి పలక వేలాడదీశాను:
మరమ్మతు జరుగుతోంది,
దిబ్బల సంగతి ఎర్మిందాని అడగండి.
ఆమె ఎలాగూ నిద్రపోదు.

కొత్త ఫైళ్లు పైకెక్కాయి. ఇక డేటాబేస్.
నా కాపీ శుభ్రంగా ఉంది, పరీక్షలన్నీ నెగ్గింది.
ఎత్తి మొత్తం అక్కడ కూర్చోబెడితే
పది నిమిషాల పని. నిద్ర ముంచుకొస్తోంది.
వేలు మీట మీదే ఉంది.

అప్పుడు కనబడింది, పేర్ల పట్టీలో.
నా కాపీలో దొరిందా ఇంకా పనికొస్తోంది.
నాలుగో దిబ్బ, ఆరు కిలోలు,
పక్కన ఎప్పటిలాగే ఓ మాట:
మోకాళ్లు నొప్పి, అయినా వచ్చా.

అసలుదాంట్లో ఆమె లేదు.
పోయిన మంగళవారం, ఖననం నుంచి వచ్చి,
కోటు విప్పకుండానే ఎర్మిందా
ఆ పేరు తీసేసింది.

కాపీకి ఇదేం తెలుసు.
నేను దించుకున్న రోజునే ఆగిపోయింది.
నూట ముప్పై ఆరుగురు.
ఇందాక కాపీ చూసి లెక్క చెప్పాను, తప్పు.

కోడు ఇక్కణ్ణించి అక్కడికి,
డేటా అక్కణ్ణించి ఇక్కడికే.
ఎప్పుడో రాసి ఫ్రిజ్‌కి అంటించుకున్న వాక్యం;
పాల కోసం తలుపు తీసిన ప్రతిసారీ చూస్తూనే ఉన్నాను.

మీట మీంచి వేలు తీశాను.
పట్టికలకు కావలసిన కొత్త గడులు
ఒక్కొక్కటీ చేత్తో చేర్చాను,
ఉన్నవాళ్లెవర్నీ కదపకుండా,
పోయినవాళ్లెవర్నీ లేపకుండా.

మూడూ నలభై. తెరిచి చూశాను.
ఇల్లలకగానే పండగ కాదు:
పతీఞో, కస్తిఞేయిరా,
ఇంటిపేర్ల నడుమ ముక్కుతో పలికే ఆ ఒక్క అక్షరం
ప్రశ్నార్థకమై కూర్చుంది.
ల్యాప్‌టాప్‌లో బాగానే ఉండేదే!
ఇంకో యాభై నిమిషాలు, ఆ ఒక్క ఞ కోసం.

ఐదుకి పది నిమిషాల ముందు పలక తీసేశాను.
రెండు, మూడు తెరిచారు. నాలుగు మూత.
కిటికీ కింద వ్యానులు ఆగుతున్నాయి,
బకెట్లు, పారలు, ఎవరిదో దగ్గు,
చీకట్లో ముఖాలకి ఫోను వెలుగు.
ఎవరూ ఏమీ గమనించలేదు.

ఎర్మిందా నుంచి ఒక్క మెసేజ్:
రంగు మార్చావా? పాతదే నయం.

ఇక నా కాపీని అసలుతో నింపుకోవాలి.
ల్యాప్‌టాప్ అడుగుతోంది:
ఉన్నది చెరిపి కొత్తది రాయమంటావా?

నీళ్లు తీస్తున్నాయి.
కాఫీ పెట్టుకొస్తానని లేచాను.