ఖాళీ డబ్బా మలుపు తిరగదు

ఇరవై ఆరేళ్ళు గేటు వేశాను, తీశాను.
తేరుబలి దాటాక మొక్కజొన్న చేల మధ్య గేటది.
ఇప్పుడక్కడ పట్టాల కిందనుంచి దారి తవ్వారు,
వానొస్తే అందులో గేదెలు పడుకుంటాయి.

విశాఖ రేవునుంచి రాయపూర్ పోయే డబ్బాల బండి
రాత్రి రెండున్నరకి వచ్చేది.
పచ్చదీపం పట్టుకుని వ్యాగన్లు లెక్కపెట్టేవాణ్ణి,
ఎవరూ అడగని లెక్క.
నలభై అయిదు. ఒక్కోదాని మీద రెండేసి డబ్బాలు,
ఎరుపు, నీలం, ఏ దేశానిదో తెలియని ఒక లేత గోధుమరంగు.
తోక దీపం మలుపులో కలిసిపోయాక
లోపల ఏముందో అన్నమాట నోట్లోనే ఉండిపోయేది.

రాయగడలో కాగితం మిల్లు దారిలో ఇప్పుడు నా అద్దె గది.
పదడుగుల బల్ల, దానిమీద గుండ్రంగా పట్టాలు.
అసలుదాంట్లో ఎనభై ఏడో వంతు.
ఇరవై అడుగుల డబ్బా అరచేతిలో పడుతుంది,
వేళ్ళు మూస్తే కనపడదు.
నలభై అయిదు వ్యాగన్లూ చేస్తే
ఇంజను మంచం కింద, తోక వీధిలో.
అందుకని అయిదే చేశాను. అసలు బండీ అంతే,
అయిదేసి జట్లుగా చేతులు పట్టుకుని నడుస్తుంది.

మిల్లువాళ్ళు తూకానికి అమ్మేసిన అట్టముక్కలు,
గోడలకి బల్బుపెట్టె లోపలి ముడతల కాగితం.
కొత్త డబ్బా ఎవడైనా చేస్తాడు.
సముద్రాల ఉప్పు తిన్న డబ్బా చెయ్యాలంటే
తలుపు కింది మూల తెలియాలి.
నీళ్ళు ఆగేది అక్కడ, తుప్పు పుట్టేది అక్కడ.
టీ డికాషన్ ఒక పూత, ఆరాక కాచు ఇంకో పూత.
ఎక్కువైతే ముసలిది కాదు, మురికిది అవుతుంది.

అంకెలు వేసే చెయ్యి ఝిలిది.
మేడమీది పిడికాక వాళ్ళ పిల్ల, ఏడో క్లాసు.
నాలుగక్షరాలు, ఏడంకెలు, మూడు వెంట్రుకల కుంచె.
నా చెయ్యి వణుకుతుందని నేను చెప్పలేదు,
తను అడగలేదు.

మొదటిసారి వదిలిన సాయంత్రం
కిటికీ పక్క మలుపులో మూడో వ్యాగన్ ఒరిగింది,
వెనకవాటినీ తనతో లాక్కుపోయింది.
ఝిలి నవ్వలేదు.
పడిన డబ్బాల్లో ఒకటి తీసి చెవి దగ్గర ఊపింది.
"భితరే కణ అచ్ఛి?"
లోపల ఏముందీ అని.
ఇరవై ఆరేళ్ళ నా మాట, ఒడియాలో.
"ఏటీ లేదమ్మా," అన్నాను.
"మరందుకే," అంది, తెలుగులో.

కప్పులన్నీ బ్లేడుతో ఊడదీశాం.
నాగావళి ఇసక పోస్తే మలుపులో ఒకవైపుకి జారింది.
బంక కలిపి గడ్డ కట్టించాం.
ఒకదాంట్లో చింతపిక్కలు,
ఒకదాంట్లో ఫ్యాక్టరీ గుట్టమీద ఏరిన చిట్టెం ముక్కలు,
ఒకదాంట్లో, అప్పజెప్పకుండా దాచుకున్న గేటు తాళంచెవి.
బరువు అడుగునే ఉండాలి, పైకి రాకూడదు.
ఈ సంగతి మనుషులకి కూడా
ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

పదో డబ్బా ఝిలి ఇంటికి పట్టుకుపోయింది.
మూడు రోజుల తర్వాత తెచ్చింది,
తలుపులకి లక్క ముద్ర వేసి.
కిరాణా కొట్లో తూచిందట, సరిగ్గా మిగతావాటంతే.
"ఏటెట్టావే?"
"గేటు తాతకి చెప్పరు కదా," అంది.

రెండున్నర.
వంతెన మీద అసలుది వెళ్తోంది, బల్ల సన్నగా అదురుతోంది.
మీట తిప్పాను.
అయిదు వ్యాగన్లూ కిటికీ పక్క మలుపు ఎక్కాయి,
పదో డబ్బా మిగతావాటికంటే నిమ్మళంగా.
బ్లేడు బల్లమీదే ఉంది, లక్క మెత్తనిదే.

పచ్చదీపం లేదు.
టార్చికి ఝిలి చాక్లెట్ కాగితం చుట్టి
ఎత్తి పట్టుకున్నాను.