మోగని చోటు

రాత్రి మూడింటికి స్టోక్‌లో
ఆసుపత్రి కార్ల మీద సన్నగా మంచు పడుతోంది.
ఐసీయూ ఏడో మంచం దగ్గర నేను,
నా చేతిలో పదకొండు పేజీల అంగీకార పత్రం,
దాని మూలకు దారంతో కట్టిన పెన్ను.

డెస్మండ్ కోల్‌క్లఫ్. డెబ్బై ఒకటి.
లాంగ్టన్ పింగాణీ కార్ఖానాలో నలభై రెండేళ్లు
కాల్చని పళ్లేల అంచులు గీకి, గీకి,
లేచిన తెల్లదుమ్మునంతా
కొంచెం కొంచెంగా లోపల సర్దుకున్నాడు.
ఇప్పుడు న్యుమోనియా వచ్చి ఆ దుమ్ము మీద కూర్చుంది.

ఆయన్ని బోర్లా తిప్పాం. ఐదుగురం,
మూడు లెక్కపెట్టి, గొట్టం ఊడకుండా,
పచ్చికుండను సారె మీంచి దింపినట్టు.

భార్య మోరీన్ అడిగింది:
"ఏది మంచిది?"

పరీక్ష ఏమిటంటే,
రక్తంలో ఆక్సిజన్ తొంభై దగ్గర ఉంచితే చాలా,
తొంభై ఆరుదాకా లాగాలా.
ఎక్కువైతే ఊపిరితిత్తికే చేటనేవాళ్లున్నారు,
తక్కువైతే మెదడుకు చేటనేవాళ్లున్నారు,
అందరూ చదువుకున్నవాళ్లే.
ఎవరికి ఏదన్నది కంప్యూటరు చీటీ తీసి చెబుతుంది.

"తెలీదండీ" అన్నాను.
ఇంగ్లీషులో ఆ మాటకి 'అండీ' లేదు.
గొంతులోనే ఎక్కడో పెట్టుకున్నాను.

"తెలీకుండానే సంతకం అడుగుతున్నావా?"
"తెలీదు కాబట్టే."

ఆమె చాలాసేపు వెంటిలేటరు వంక చూసింది.
ఊదుతోంది, ఆగుతోంది, ఊదుతోంది,
ఎవరి మీదా కోపం లేని కొలిమితిత్తి.

తర్వాత, సంబంధం లేనట్టుగా చెప్పింది:
బట్టీలోంచి దిగిన కప్పు కనిపిస్తే చాలు
ఆయన గోటితో ఒకసారి మీటేవాడట.
బాగుంటే గంటలా మోగుతుంది.
కంటికానని చీలిక ఉంటే 'టప్' మంటుంది, అంతే.
పెళ్లికొచ్చిన టీ సెట్టునీ వదలకుండా మీటి
రెండు కప్పులు పక్కన పెట్టేశాడట.
అవి ఇచ్చిన మేనత్త
ఏడాది ఆ గడప తొక్కలేదట.

నవ్వింది. సంతకం చేసింది.
చివరి అక్షరం గీత దాటిపోయింది.

చీటీ: తొంభై.
ఆయన నంబరు: నాలుగొందల పదిహేడు.

తెల్లవారి డాక్టర్ ఒక్వోసా వచ్చి
ఆయన వీపు మీద ఒక వేలు ఆనించి
ఇంకో వేలితో దాని మీద తట్టింది.
పైన మోగింది.
కుడివైపు కింద మోగలేదు.
మోరీన్ నా వంక చూసింది.
నేను పత్రంలో పేజీలు సరిచూసుకున్నాను.

కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు అంటారు మావైపు.
పంతొమ్మిదో రోజు, సాయంత్రం నాలుగూ నలభైకి.
ఫారంలో దానికి ఒకటే గడి.
టిక్కు పెట్టాను. పెన్ను రాయలేదు, ఇంకోటి తెచ్చి పెట్టాను.

రెండేళ్లకి ఫలితం వచ్చింది.
మూడు వేల పైచిలుకు మంది, నలభై ఆసుపత్రులు.
రెండు గుంపుల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు.
తేలిక మాటల్లో ఒక పేజీ రాసి
ఇళ్లకి పోస్టు చేశాం.

మోరీన్ ఫోన్ చేసింది.
"అంటే, తొంభై ఆరే వచ్చుంటే కూడా…"
ఈసారి నాకు తెలుసు.
"సగటున చూస్తే" అని మొదలుపెట్టి ఆగిపోయాను.
సగటు మనిషి ఎవరి పెళ్లి కప్పులూ మీటలేదు.
ఆమె వెనక కెటిల్ ఈల వేస్తోంది,
ఎవరూ దింపడం లేదు.
"సరేలే" అంది, "ఎక్కువ పెట్టక్కర్లేదని
ఒకటైతే తేలిందిగా."

ఇవాళ మళ్లీ మూడయింది.
నాలుగో మంచం. కొత్త పరీక్ష, పన్నెండు పేజీలు.
మంచంలో కుర్రాడికి ఇరవై ఆరు,
అక్క కోటు విప్పకుండా నిలబడి ఉంది.
ఇందాక టీ గదిలో నా కప్పును మీటి చూశాను.
మోగింది. ఐనా ఇంకోసారి మీటాను.

ప్రశ్న అడగబోయే ముందు
మనిషి ఊపిరి తీసుకుంటుంది చూడండి,
ఆ అక్క తీసుకుంది.
నేను పెన్ను దారం విప్పాను.