ఆఁ

మంచాలు మార్చుకున్నారు వాళ్లిద్దరూ.
మాకు చెప్పలేదు. చెప్పాలని వాళ్లకేం తెలుసు?
పద్నాలుగో మంచం మీద ఫ్యాను తిరుగుతుంది,
పదిహేడు మీద తిరగదు. అంతే.
మిర్చి యార్డులో తొడిమలు తీసే శేషారత్నం
తనకన్నా పెద్దదని జాలిపడి
పొన్నూరు బుల్లెమ్మకి గాలి ఇచ్చింది.
కేసు షీటు మాత్రం కదల్లేదు,
పద్నాలుగు ఊచకి వేలాడుతూనే ఉంది.

మార్చి నెల. గుంటూరు రాత్రి.
కిటికీలోంచి గాలి వస్తే తుమ్ము,
రాకపోతే చెమట.

పదకొండున్నరకి సంచీ వచ్చింది, బి పాజిటివ్.
ముప్పై గంటలుగా నిద్రలేని హౌస్ సర్జను
పద్నాలుగు మీదికి వంగాడు:
"శేషారత్నమేగా?"
"ఆఁ" అంది బుల్లెమ్మ.

మన భాషలో ఇంత చిన్న మాట లేదు,
ఇంత లోతు గుంటా లేదు.
ఆఁ అంటే అవును.
ఆఁ అంటే ఏమిటీ, వినపళ్లేదు.
ఆఁ అంటే చెప్పు నాయనా, వింటున్నా.
ఆఁ అంటే నువ్వు డాక్టరువి, నీ ఇష్టం.

నేను టేపు చించుతున్నా.
నేల తుడుస్తున్న నాంచారమ్మ
నడుం ఎత్తకుండానే అంది:
"ఆయమ్మ బుల్లెమ్మ గదా. చెవుడు."

సంచీ గాల్లో ఆగింది.

బుల్లెమ్మది ఓ పాజిటివ్.
నాంచారమ్మకి ఓ తెలీదు, బి తెలీదు,
ఏ పళ్లెం ఎవరిదో తెలుసు.

మర్నాడు మెమో వస్తుందనుకున్నాం,
కుర్రాడికో నాకో.
రాలేదు.
గురువారం మూడింటికి ప్రొఫెసరు చంద్రకళగారు
సెమినార్ గదిలో కుర్చీలు గుండ్రంగా వేయించారు.
నాంచారమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది.
"నువ్వు కూర్చుంటే గానీ మొదలెట్టను" అన్నారు మేడం.
కూర్చుంది, కుర్చీ అంచు మీద,
చీపురు లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక.

తప్పెవరిదని అడగలేదు.
ఎక్కడ జారిందని అడిగారు.
ఆ రెండు ప్రశ్నల మధ్య
నా పందొమ్మిదేళ్ల ఉద్యోగం ఉంది.

అందుకే నోరు తెరిచా.
తొమ్మిదేళ్ల కింద, పిల్లల వార్డులో,
అంకె ముందు చుక్క నా కంటికి ఆనలేదు.
ఒక వంతు ఎక్కించాల్సింది పది వంతులు ఎక్కించా.
పాప మూడోరోజు పోయింది.
జ్వరం వల్లే అన్నారు. జ్వరం వల్లే కావచ్చు.
నన్నెవరూ అడగలేదు,
నేనూ నన్ను అడగనివ్వలేదు.
మాచర్ల పిల్ల. పేరు కావేరి.

ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు కాసేపు.
మందుల స్టోరు రహంతుల్లా
కళ్లజోడు తీసి, తుడవడం మర్చిపోయి, అన్నాడు:
"ఒకే రంగు మూతల సీసాలు రెండు
పక్కపక్కనే పెట్టించింది నేనే.
సాయంత్రానికి విడదీస్తా."
హౌస్ సర్జను ఏడ్చాడు. ఏడవనిచ్చాం.

అప్పుడు నాంచారమ్మ, నేలకేసి చూస్తూ:
"పేరు మనమే చెప్పి అవునా అంటే
కాదనేదెవురు బాబూ?
పేరు ఆళ్లనే అడగాల."

మేడం ఆ మాట అలాగే రాసుకున్నారు,
వ్యాకరణం దిద్దకుండా.
ఇప్పుడది నర్సింగ్ పిల్లలకి మొదటి రోజు పాఠం.
చెప్పేది నాంచారమ్మే.
చెప్పి, బకెట్ తీసుకుని వెళ్లిపోతుంది.

ఫ్యాను ఇంకా బాగుచేయలేదు. మూడుసార్లు రాశాం.

నిన్న రాత్రి కొత్త పిల్ల కెజియా
తొమ్మిదో మంచం దగ్గర నిలబడి
"మీ పేరు మీరే చెప్పండమ్మా" అంది.
ముసలామె దుప్పటి తీసి లేచి కూర్చుంది.
పేరు చెప్పింది. ఇంటిపేరు చెప్పింది. పుట్టింటి పేరు చెప్పింది.
ఆ పేరు పెట్టిన మేనత్త ఎవరో,
ఆవిడకీ వీళ్ల నాన్నకీ ఎందుకు మాటల్లేవో
మొదలుపెట్టింది.

సూది ట్రేలో ఉంది.
కెజియా నా వంక చూసింది.
కానివ్వు, అన్నట్టు తలూపా.

ట్రే పక్కన పెట్టి, మంచానికి దగ్గరగా జరిగి,
"ఆఁ" అంది కెజియా.