నీళ్ళ అధ్యాయం

పాత ధర్మశాస్త్రం ఏది తెరిచినా
నీళ్ళతోనే మొదలవుతుంది.
ఏ నీళ్ళు శుద్ధం, ఏవి కావు,
రెండు కాగుల కొలత దాటితే ఏమిటి, దాటకపోతే ఏమిటి.
పన్నెండేళ్ళప్పుడు నేర్చుకున్నాను
పసుప్పచ్చ కాగితాల మీద అరబ్బీ మాటల కింద
జావా అర్థాలను ఏటవాలుగా వేలాడదీస్తూ,
దండెం మీద చేపలు ఎండేసినట్టు.

ఇవాళ ఆ అధ్యాయం
మోకాళ్ళ దాకా వచ్చింది.

డెమాక్ తీరం. ఇషా నమాజు అయ్యాక.
మా పాఠశాల నేలను మూడుసార్లు ఎత్తు చేశారు,
గుమ్మం మాత్రం అక్కడే ఉంది.
పండితులందరూ రుకూలో వంగినట్టు వంగి
లోపలికొచ్చారు.
సభలో రాతపని నాది.

మొదటి ప్రశ్న తర్ముజీది.
చేపలు పట్టే మనిషి. టోపీ తీసి, మడిచి,
మళ్ళీ పెట్టుకుని అన్నాడు:
"మా అమ్మ సమాధి సముద్రంలో ఉంది.
ఆటుకి రాయి కొస కనబడుతుంది.
దాని మీదుగా పడవ పోనివ్వొచ్చా?"

ఎవరూ మాట్లాడలేదు.
తర్వాత పుటల చప్పుడు.
ఎముకలు కదపరాదని ఒకరు,
వరదొస్తే కదపొచ్చని ఒకరు,
అసలు ఇది వరదేనా, వరదైతే తీయాలి కదా అని
వెనక బల్ల మీంచి ఎవరో.

సెమరాంగ్‌లో చదువుకునే జుల్ఫాన్ లేచాడు.
"సముద్రం పెరగడం ఒక్కటే కాదు, నేల దిగుతోంది.
ఏడాదికి నాలుగు వేళ్ళు.
ఫ్యాక్టరీల బోర్లు లోపల్నుంచి తాగేస్తున్నాయి."

గురువమ్మ న్యాయి ఖుజైమా భూతద్దం కింద పెట్టింది.
"పొరుగువాడు బావి తవ్వి నీ గోడ కూలితే
నష్టం వాడిదని ఉంది.
ఊరు కూలితే ఎక్కడుంది?"

ఓ కుర్రాడు ఫోన్‌ని అడిగాడు.
నాలుగు క్షణాల్లో జవాబు,
మూడు ఆధారాలు, పుట సంఖ్యతో సహా.
చదువుతుంటే చక్కగా ఉంది, తలలూపాం.
న్యాయి ఆ పుట తీయించింది.
ఒంటెల కిరాయి గురించి ఉంది అక్కడ.
అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు.
"తెలియదు అనడం
దానికెవరూ నేర్పలేదా పాపం," అంది.

పదిన్నరకి వాన.
రేకుల మీద దరువుకి గొంతులు పెంచాల్సొచ్చింది.
అప్పుడే కియాయి మస్రుహాన్ తలెత్తకుండా అన్నాడు:
"ఈ రేకులు ఆ ఫ్యాక్టరీ ఇచ్చినవి."

వాన ఇంకా గట్టిగా కురిసింది.
నేను కలం ఎత్తి పట్టుకున్నాను.
"అదీ రాయి," అంది న్యాయి.
"కింద కాదు. పైన."

రాశాను.
లోతు బోర్లు పొరుగువాడి గోడ లెక్కలోకే వస్తాయని రాశాను.
ఇద్దరు ఒప్పుకోలేదు, వాళ్ళ పేర్లూ రాశాను.
పుట్టబోయేవాళ్ళు పొరుగువాళ్ళేనా అన్నది
తేలలేదు, వచ్చే నెలకి పెట్టాం.
చివర ఎప్పుడూ రాసే మాట ఉంది కదా,
అల్లాహ్‌కే బాగా తెలుసు,
అలవాటుగా చెయ్యి అటు పోయింది.
న్యాయి నా మణికట్టు పట్టుకుంది.
చల్లటి చెయ్యి, నశ్యం వాసన.
"ఆగు. మనకి తెలిసింది
పూర్తిగా రాశావా ముందు?"

తర్ముజీ అప్పటికే లేచిపోయాడు.
పండితుల కోసం పోటు ఆగదు.
మెట్ల దగ్గర ఆమె అతనికి ఏం చెప్పిందో
నా కాగితంలో లేదు.

ఫజ్ర్‌కి ముందు, వజూ చేసుకుంటూ విన్నాను.
చీకట్లో పడవ ఇంజను దూరం నుంచి వచ్చి
మామిడితోపు ఉండే చోట
ఆగింది.
తెడ్డు నీళ్ళని తాకిన చప్పుడు,
పదకొండుసార్లు లెక్కపెట్టాను,
ఆపైన మళ్ళీ ఇంజను.

నా దోసిట్లో నీళ్ళు ఉప్పగా ఉన్నాయి.
ఉప్పు నీళ్ళూ శుద్ధమే.
అది మొదటి పాఠం.