చుక్క దగ్గర

తొంభై మూడు, ఆగస్టు. కర్నూలు.
వాన మాకు పడలేదు, పైన కన్నడ సీమలో పడింది.
ఆ నీళ్లే ఆఫీసు వెనక కాలువ నిండా
గట్లు ఒరుసుకుంటూ పోతున్నాయి.
ఏసీ ఒక్క గదికే,
మనుషులకు కాదు, మిషనుకు.

ఆదోనిలో రేడియోలు బాగుచేసుకునే నాకు
జీపు పంపించారు.
"లెక్క తప్పుతోంది" అన్నాడు రహమతుల్లా సారు,
పిల్లోడికి జ్వరమని చెప్పినట్టు మెల్లగా.

కూర్చున్నాను.
రెండూ మూడూ ఐదంది. సరే.
పన్నెండు పన్నెండ్ల నూట నలభై నాలుగంది. సరే.
ఒకటిని రెండుకు పంచమన్నాను,
చుక్క దగ్గర ఆగింది.
వర్గమూలం అడిగితే సున్నా.
సైను అడిగితే ఇందాకటి సున్నానే మళ్లీ.
లాగరిథం అడిగితే
తెర మీద కర్సరు కూడా కొట్టుకోవడం మానేసింది.

వాళ్లకు కావలసిన సూత్రం చిన్నదే:
గేజి మీద నీటి ఎత్తుకు ఒకటిన్నర ఘాతం,
దానికో స్థిరాంకం.
ఆ అర దగ్గరే తెగింది గండి.
పదకొండు రోజులుగా, హైదరాబాదుకు పోయే కాగితంలో
కేసీ కెనాలు ఒట్టిపోయింది.
కిటికీ తీస్తే నీళ్ల చప్పుడు.

ఫ్లాపీ మార్చాను. కేబులు మార్చాను.
కార్డుల అంచులు పెన్సిలు రబ్బరుతో తోమాను.
రెండో రోజు రాత్రి మూత విప్పితే
పెద్ద చిప్పు పక్కన చదరపు గూడు,
చుట్టూ బెజ్జాలు,
లోపల దుమ్ము, ఒక ఎండిన చీమ.
లెక్కల చిప్పు విడిగా కొనాలట.
ఎస్టిమేటులో ఎవరో ఎర్ర సిరాతో కొట్టేశారట.

అయినా ఆగకూడదే!
చిప్పు లేకుంటే లేకపోయె,
దాని పని ఉన్నవాటితో నెట్టుకొచ్చే విద్య
ప్రోగ్రాములోనే పెట్టి పంపుతారు.
మరి ఎందుకు నెట్టుకురాదు?

మిషను లేవగానే చదువుకునే ఫైలు
వరుస వరుసా వేలు పెట్టి చదివాను.
ఆరో వరుస:
ఎనభై ఏడు = అవును.
అంటే, చిప్పు ఉందా అని వెతక్కు, ఉందని నమ్ము.
హైదరాబాదు మిషనులో ఉంది మరి.
వాళ్ల ఫ్లాపీలో లెక్కతో పాటు
వాళ్ల దర్జా కూడా ఎక్కి వచ్చింది.

చుక్క కనబడ్డ ప్రతిసారీ ఇది
ఖాళీ పీట ముందు విస్తరి వేసి
తిన్నావా, తిన్నావా అని అడుగుతోంది.

తెల్లారి ఉగ్గాని పొట్లం తెచ్చిన
గేజి లాస్కరు ఉరుకుందప్ప
"ఏం లెక్కప్పా అది?" అన్నాడు. చెప్పాను.
"ఓ, అదా.
అడుగు నీళ్లుంటే ఒక మడి తడిసేకాడ
నాలుగడుగులుంటే ఎనిమిది మడులు తడుస్తాయి.
తొమ్మిదడుగులైతే ఇరవై ఏడు.
తొమ్మిది నేను ఒక్కసారే సూసినా,
ఆ పొద్దు ఎద్దులు కొట్టకపోయినాయి."
మధ్యలో ఎంతుంటేనో?
"మధ్యన రోంత రోంత సర్దుకోవల్ల."
ఎక్కడ నేర్చావంటే
వేలి కణుపులు చూపించాడు.

'అవును' చెరిపి 'కాదు' అని కొట్టాను.
అంతే. బిల్లులో 'ఒక మాట మార్చినందుకు' అని రాస్తే
ఆడిటు ఒప్పుకోదని
'దుమ్ము దులిపినందుకు' అని రాయించారు.

మిషను లేచింది. ఈసారి గూటి వైపు చూడలేదు.
నాలుగుకు ఒకటిన్నర ఘాతం అడిగాను.
ఉన్న కూడికలతోనే, పక్కకు జరుపుకుంటూ,
ముక్క ముక్క అతుక్కుంటూ
పేజీ మొత్తానికి
ఉరుకుందప్ప బీడీ ఒకటి అయిపోయేంత సేపు తీసుకుంది.

మొదటి వరుసలో:
ఏడు, చుక్క, తొమ్మిది తొమ్మిది తొమ్మిది
తొమ్మిది తొమ్మిది తొమ్మిది.

సారు ముఖం మళ్లీ వాడింది.
ఉరుకుందప్ప తెర దాకా వంగి
ఒక్కో తొమ్మిదినీ గోటితో తాకి చూశాడు.
"ఎనిమిదే సార్ అది.
ఆ రోంత, గట్టులో ఇంకినట్టుండాది."