వంగిన పలక

పొదలకూరు దాటాక బస్సు కిటికీలోంచి
నిమ్మతోట ఉత్త పచ్చటి గుబురు.
ఒక్క క్షణం, ఒక్క వాలులో మాత్రం
వరసలు తలుపు తీస్తాయి.
చివరి గట్టు దాకా ఖాళీ దారి.
రెప్ప వేస్తే మళ్ళీ గుబురే.

నా ఉద్యోగం ఆ వాలు వెతకడం.

గామా కిరణానికి అద్దమంటే లక్ష్యం లేదు.
కంచెలో మేకపిల్లలా దూరి పోతుంది.
స్ఫటికం లోపలి అణువుల సాళ్ళు
సరిగ్గా ఆ వాలున ఎదురైతేనే
పిసరంత పక్కకి తిరుగుతుంది.
డిగ్రీని మూడువేల ఆరువందల ముక్కలు చేస్తే
పది ముక్కలు తప్పినా ఆ కిరణం మనది కాదు.
అందుకే వేల పలకలు, వలయం లోపల వలయం,
ఎప్పుడో పేలిన నక్షత్రం నుంచి
అరుదుగా రాలే గింజల్ని
ఒక్క చేటలోకి చేర్చడానికి.

సైదాపురంలో దిగి పెంచలమ్మవ్వ దగ్గరికి పోయాను.
నా పదేళ్ళప్పుడు, వేసవి సెలవుల్లో
అభ్రకం చీల్చడం నేర్పింది ఆమే.
"కత్తిని నెట్టబాకమ్మే.
రాయి యాడ ఒప్పుకుంటదో ఆడ పెట్టు."

మూల విరిగిందని ల్యాబులో తీసేసిన జెర్మేనియం పలక
రుమాలు విప్పి చేతిలో పెట్టాను.
అవ్వ బరువు చూసింది. చీరకొంగుతో తుడిచింది.
పాత బిస్కెట్ డబ్బాలోంచి పచ్చ అభ్రకం బిళ్ళ తీసి
పలక మీద ఆనించి, వాకిలి వెలుగుకి తిప్పింది.
రెంటి మధ్యా ఇరుక్కున్న గాలిలో
రంగుల చుట్లు, ఒకదాన్లో ఒకటి,
వాన నీళ్ళ మీద కిరసనాయిలు లాగా.

"నడుమ ఉబ్బుండాదే! వంకర పలక.
ఇట్టాంటియి మేం దిబ్బలో పోసేవోళ్ళం,
కూలి కోసేవోడు మేస్త్రి."

లేజరు పెట్టి రెండు గంటలు నేను కొలిచిన వంపు.

కావాలనే వంచామవ్వా, అన్నాను.
తిన్నటి పలక ఒక్క వాలునే పట్టుకుంటుంది,
వంగింది ఇంకాస్త ఎక్కువ కిరణాల్ని పోగుచేస్తుంది.
అవ్వ చాలాసేపు మాట్లాడలేదు.
పెరట్లో మల్లెపాదుకి అడ్డంగా పేర్చిన
పారేసిన రేకులు ఎండకి మిణుకుతున్నాయి.

"మరి కోసిన కూలి?" అంది.

నవ్వుతుందేమో అని చూశాను. నవ్వలేదు.

తిరుగు బస్సులో అదే కిటికీ దొరికింది.
బయట చీకటి. తోట ఎప్పుడొచ్చిందో తెలీలేదు.
వరసలు తెరుచుకునే ఉంటాయి,
ఎవరూ చూడని ఒక వాలులో.